చేపల తొట్టికి టికెట్టు

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకని వరస అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి.

మాది మలికిపురం పక్క ఊరు. కొబ్బరి వర్తకుల లెక్కలు రాసుకుంటూ, వాళ్ల జీఎస్టీ రిటర్నులు వేసుకుంటూ బతికేవాణ్ణి. నా డెస్క్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ3. పొద్దున్నే దాని మీట నొక్కి, స్నానం చేసి, పెసరట్టు తిని వస్తే అప్పటికి లెక్కలు రాసుకునే ట్యాలీ తెరుచుకునేది. నెలలో 20వ తారీఖు దగ్గర పడినప్పుడు తప్ప మా ఇద్దరికీ పేచీ లేదు. కానీ 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 10కి తిలోదకాలిచ్చేశారు. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మాత్రమే అంటారు.

సరే, ప్రాసెసరు ఒక్కటీ మార్చేస్తే పోలా అనుకున్నాను. ప్రాసెసరు మారితే సాకెట్టు కుదరదు కాబట్టి మదర్‌బోర్డు మారాలి. బోర్డు మారితే పాత డీడీఆర్3 ర్యామ్ అందులో దిగదు, దాని గాటు వేరేచోట ఉంటుంది. ఇంత పెట్టి పాత హార్డ్ డిస్కు దేనికి, ఎస్‌ఎస్‌డీ వేయించుకోండన్నారు. ఇవన్నీ కొత్తవి పెట్టి లోపలికి కరెంటు అందించే ఆ ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద నడిపిస్తారా, అది పోతూ పోతూ అన్నిటినీ పట్టుకుపోతుందన్నారు. చివరికి పాతదాంట్లోంచి మిగిలింది మానిటరు, కీబోర్డు, మౌసు. పైగా ఏఐ డేటా సెంటర్ల వాళ్లు మెమరీ చిప్పులన్నీ ఎత్తుకుపోతున్నారట, 2025 చివర్నుంచి ర్యామ్ ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. అమెరికాలో ఎవడో కంప్యూటరుతో కబుర్లు చెప్పుకుంటే మలికిపురంలో నా జేబుకి చిల్లు పడడమేంటో!

“40 వేలు దాటితే ఆ డబ్బాతోనే కాపురం చేసుకోండి” అంది మా ఆవిడ.

లెక్కలు నా వృత్తి కదా, కాగితం మీద అణా పైసలతో సహా వేశాను. ఐ5 12400 ప్రాసెసరు, హెచ్610 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న ఎస్‌ఎంపీఎస్, మామూలు రేకు క్యాబినెట్. కింద “గ్రాఫిక్స్ కార్డు వద్దు” అని రాసి గీత కూడా కొట్టాను. ఎందుకంటే 12400 లోపలే యూహెచ్‌డీ 730 అని బొమ్మ తెప్పించే ఏర్పాటు ఉంటుంది. ట్యాలీకి అది చాలు, ఇంకా మిగుల్తుంది. నా బడ్జెట్టు మొత్తం ఆ ఒక్క ఏర్పాటు మీదే నిలబడింది.

షాపు భీమవరంలో. మా బామ్మర్ది స్నేహితుడిది. మా బామ్మర్ది రాత్రిళ్లు యూట్యూబులో కంప్యూటర్లు విప్పే వీడియోలు చూస్తాడు, వాడు ఒక్క స్క్రూ విప్పగా మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. “మన షాపే బావగారూ, మీరు భోంచేసి రండి, ఈలోగా బిగించేస్తారు” అన్నాడు. భోంచేసి వచ్చేసరికి బిగించేశారు. రేకు క్యాబినెట్ కాదు, పక్కన నిలువెత్తు అద్దం, ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి, అన్నీ రంగురంగుల లైట్లవి. “రేకువి ఇప్పుడెవరు కొంటున్నారండీ, అయినా ప్రాసెసర్లో కాస్త తగ్గిందిలెండి, అందులో సర్దేశాం” అన్నాడు షాపతను. తగ్గిందంటే వద్దనేవాడు మా జిల్లాలోనే లేడు. అట్టపెట్టె మాత్రం గోడౌన్‌లో ఉండిపోయిందట. నా తువ్వాలు చుట్టుకుని బయల్దేరాం.

భీమవరం నుంచి మా ఊరు రావడానికి రెండు దార్లు. పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన ఎక్కడం ఒకటి, నరసాపురం వచ్చి, మనుషుల్నీ బండ్లనీ దాటించే పంటు మీద గోదారి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవులో దిగడం ఇంకొకటి. నరసాపురం దగ్గర వంతెన వస్తుందని నేను లాగూలు వేసుకునే రోజుల నుంచీ వింటున్నాను. వంతెన వస్తుందంటారు, మనం పంటు ఎక్కుతాం. బామ్మర్ది బండి తోలుతుంటే వెనక నేను, ఒళ్లో అది, అద్దం ఎండకి కాలి తొడ చురచుర.

పంటు మీద ఆటోలు, మోటారు సైకిళ్లు, అంతర్వేది వెళ్లే యాత్రికులు, అరటి గెలలు. దీన్ని కింద పెట్టడానికి మనసొప్పక ఓ ఆటో వెనక బల్ల మీద పెట్టి పట్టుకు నిలబడ్డాను. నది మధ్యకొచ్చేసరికి గాలి లేచింది, తువ్వాలు ఎగిరింది, అద్దం బయటపడింది. అంతటితో ఆగితే బాగుండును. ఆ గాలికి ముందున్న మూడు ఫ్యాన్లూ వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి. మెల్లగా కూడా కాదు, గిర్రున.

“కరెంటు లేకుండానే తిరుగుతోందండోయ్” అంది ఓ పెద్దావిడ. అంతే, పంటులో సగం జనం ఈ పక్కకి వచ్చేశారు. గోదారి జిల్లాల్లో ఏ వస్తువైనా సరే, అదేంటో తెలియకముందే దాని ధర తెలియాలి.

“ఎంత పడిందండీ?”

“40 వేలు” అన్నాను. అప్పటికి 43 దాటింది, కానీ ఇంట్లో చెప్పబోయే మాట బయట కూడా ఒకటే చెప్పడం మంచిదని నా అనుభవం.

అప్పుడొచ్చాడాయన. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, చెప్పులకి ఎండిన బురద. రొయ్యల చెరువులున్న మనిషని వేరే చెప్పక్కర్లేదు. అద్దం దగ్గర వంగి, కళ్లజోడు పైకి నెట్టుకుని, లోపలంతా చూసి, “ఇంత చిన్న తొట్టికి నాలుగు ఏరియేటర్లెందుకండీ?” అన్నాడు.

వెటకారమేమో అనుకుని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇది చేపల తొట్టి కాదండీ కంప్యూటరు అని నేను చెప్పేలోపే ఆయన పక్కనున్నాయనకి పాఠం మొదలుపెట్టేశాడు. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందట, ఆ టైములో కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే పంట మొత్తం తేలిపోతుందట, ఏరియేటరన్నది నీళ్లని చిలకాలి గానీ ఇలా అద్దం పక్కన కూర్చుని తిరిగితే చేపకేం లాభమట. నిజం చెప్పాలంటే షాపతను తన ఫ్యాన్ల గురించి ఇందులో పావు వంతు కూడా చెప్పలేదు.

“చేపలవి కాదండీ, కంప్యూటర్” అన్నాను గట్టిగా.

“మరి అద్దమెందుకండీ?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇంతలో టికెట్లు కొట్టే అతను వచ్చాడు. మనిషికి టికెట్టు, బండికి టికెట్టు, బాగానే ఉంది. “ఆ తొట్టికి?” అన్నాడు. ఒళ్లో పెట్టుకుని వచ్చిన సామానుకి టికెట్టేంటి అన్నాను. “ఒళ్లో లేదు కదండీ, ఆటోలో ఉంది” అన్నాడు. ఆటో అతను వెంటనే “ఆయ్, అది నా బేరం కాదండి బాబూ” అని చేతులు దులిపేసుకున్నాడు. అలాగైతే దీనికి ఎంత కొట్టాలో చెప్పమన్నాను. అతను ఆలోచించాడు. అతని లెక్కలో సైకిలుంది, మోటారు సైకిలుంది, ఆటో ఉంది, కారుంది. ఇది ఏదీ కాదు. యాత్రికుల్లో ఒకాయన టీవీ కిందే వస్తుందన్నాడు, అద్దముంది కదా అని. పెద్దావిడ ఫ్రిజ్జు అంది, లోపల ఫ్యానుందని. రొయ్యలాయన మాత్రం తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. అందరూ నా వస్తువు గురించే మాట్లాడుకుంటున్నారు, నన్నడిగిన పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. పంటు రేవు తప్పిపోయినా వీళ్లు తేల్చేదాకా దిగేలా లేరు.

“సైకిలు కింద కొట్టేస్తానండి, సర్దుకోండి” అని టికెట్టు చింపి నా చేతిలో పెట్టాడు. 12 థ్రెడ్ల ప్రాసెసరు వశిష్ఠ గోదావరిని సైకిలు హోదాలో దాటింది.

అప్పుడే ఓ కుర్రాడు, భుజానికి బ్యాగు, ఏదో ఇంజనీరింగు కాలేజీ వాడు, అందరూ పక్కకి తప్పుకున్నాక వచ్చి అద్దంలోంచి శ్రద్ధగా చూశాడు. ఇన్నాళ్లకి తెలిసినవాడొకడు దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చింది.

“అంకుల్, గ్రాఫిక్స్ కార్డు తర్వాత పెట్టించుకుంటారాండీ?”

“అక్కర్లేదు నాన్నా, ప్రాసెసర్లోనే ఉంది” అని, అడక్కుండానే బిల్లు తీసి ఇచ్చాను. చదివాడు. మళ్లీ చదివాడు. బిల్లు మడిచి రెండు చేతుల్తో తిరిగిచ్చాడు, ఆ మర్యాద చూసే నాకు అనుమానం రావాల్సింది.

“ఇది 12400 ఎఫ్ అండీ.”

“అయితే?”

“ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదండీ. వేరే కార్డు లేకపోతే స్క్రీన్ రాదండీ.”

“వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదయ్యా!”

“ఉంటుందండీ, బోర్డుది కదా. కానీ అందులోంచి ఏమీ రాదండీ.”

బిల్లు చూశాను. ఉంది. సిరా అయిపోవచ్చిన ప్రింటరు మిగతా అక్షరాలన్నీ సగం సగం కొట్టి ఆ ఎఫ్ ఒక్కటీ నల్లగా కొట్టింది. ప్రాసెసర్లో కాస్త తగ్గింది అంటే ఇదన్నమాట. బొమ్మ తగ్గించి లైట్లు పెట్టాడు. “బామ్మర్దీ!” అని పిలిచాను. మా బామ్మర్ది గోదారి లోతు పరిశీలించడానికి పంటు అవతలి కొసకి వెళ్లిపోయి ఉన్నాడు.

షాపుకి ఫోన్ చేశాను. రొయ్యలాయన కూడా వినడానికి దగ్గరకి జరిగాడు.

“అయ్యో, బ్రహ్మాండంగా పనిచేస్తుందండీ, టెస్టింగ్ చేసే ఇచ్చాం” అన్నాడు షాపతను.

“బొమ్మ రానిదాన్ని ఎలా టెస్ట్ చేశారండీ?”

“మా కార్డు పెట్టి చేశామండీ. చక్కగా వచ్చిందండీ.”

“మరి ఆ కార్డేదీ?”

“తీసేశామండీ. మీ లిస్టులో వద్దని రాశారు కదా, గీత కూడా కొట్టారు.”

ఎఫ్ లేనిది ఉందా అంటే తెప్పించాలన్నాడు, విప్పిన ప్రాసెసరు పూర్తి ధరకి వెనక్కి తీసుకోరన్నాడు, పోనీ కార్డు తీసుకోండి, లైట్లున్నది ఉందన్నాడు. రేవు వచ్చేసింది, దిగండి దిగండి అని వెనక నుంచి హారన్లు.

ప్రస్తుతం అది మా హాల్లో ఉంది. మా ఆవిడకి 40 అనే చెప్పాను. బామ్మర్ది ఫోన్ ఎత్తడం లేదు.