అన్నప్రాసన అయ్యాక నిల్వ చేసిన తల్లిపాలు పనికిరావన్న మాట నిజం కాదు

ఆరు నెలలు నిండి అన్నం మొదలుపెట్టాక ఫ్రిజ్‌లో దాచిన తల్లిపాలను బిడ్డకు పట్టకూడదన్న సందేశం ఒకటి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. అప్పటికి తల్లిపాలలో బలం ఉండదని, నిల్వ పాలకు వచ్చే సబ్బు వాసన చెడిపోయినందుకు గుర్తని, జావలో కలిపితే అది నీళ్లు తేలిపోతుందని, వాటికి బదులు ఆవుపాలు పట్టడమే మేలని అందులో రాశారు. మన దేశంలో 2017 చట్ట సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. అందులో కొంత కాన్పుకు ముందే వాడుకున్న తల్లి, బిడ్డకు ఆరో నెల నిండకముందే ఉద్యోగానికి వెళ్లవలసి వస్తుంది. సరిగ్గా అప్పుడే అక్కరకు వచ్చే పాలను పారబోయమనే మాటను చూస్తూ ఊరుకోలేము.

ఆరు నెలల తరువాత బలం ఉండదన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. ఆరు నుంచి పన్నెండు నెలల వయసులో బిడ్డకు కావలసిన శక్తిలో సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, తల్లిపాల నుంచే అందగలదని, రెండో ఏట కూడా మూడో వంతు దాకా అందుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వయసులో తల్లిపాలు ఒక్కటే తీర్చలేనిది ప్రధానంగా ఇనుము. అందుకే పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం పెట్టమంటారు తప్ప పాలు మాన్పించమని కాదు. గడ్డకట్టించినప్పుడు విటమిన్ సి కొంత తగ్గుతుంది, పాలలోని జీవకణాలు చాలావరకు చనిపోతాయి. కొవ్వు, మాంసకృత్తులు, రోగనిరోధకాలలో అధిక భాగం నిలిచే ఉంటాయి.

సబ్బు వాసనకు కారణం లైపేజ్ అనే ఎంజైము. అది నిల్వలో కూడా పాలలోని కొవ్వును విడగొడుతూనే ఉంటుంది కాబట్టి కొందరు తల్లుల పాలకు ఆ వాసన ఎక్కువగా వస్తుంది. అవి బిడ్డకు హాని చేయవు, కానీ రుచి మారినందున కొందరు పిల్లలు తాగరు. అలాంటి తల్లులు పాలు పిండిన వెంటనే, అంచున చిన్న బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడిచేసి, త్వరగా చల్లార్చి దాచుకుంటే వాసన రాదు. పులిసిన కంపు కొడితే మాత్రం పారబోయవలసిందే.

జావ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది కళ్లకు కనబడుతుంది, చూసిన అమ్మమ్మలు నిజంగానే భయపడతారు. గట్టిగా కాచిన రాగిజావను గోరువెచ్చగా చల్లార్చి రెండు చెంచాల తల్లిపాలు కలిపితే, కాసేపటికి అది పలచబడి గిన్నె అంచున నీరు తేలుతుంది. తల్లిపాలలోని అమైలేజ్ అనే ఎంజైము జావలోని పిండిపదార్థాన్ని విడగొట్టడం వల్ల ఇలా జరుగుతుంది, పాలు చెడిపోయి కాదు. నీళ్లు పోసి పలచన చేసిన జావలో చెంచాకు అందే పిండి బాగా తగ్గుతుంది. ఇక్కడ పిండి ఎక్కడికీ పోలేదు, మింగడం తేలికైంది. చిక్కగానే పెట్టాలనుకుంటే తినిపించే ముందు మాత్రమే పాలు కలపాలి.

ఆవుపాల సలహా ప్రమాదకరం. ఏడాది నిండని బిడ్డకు ఆవుపాలను ప్రధాన పానీయంగా ఇవ్వకూడదు. వాటిలో ఇనుము చాలా తక్కువ, లేత పేగుల నుంచి కంటికి కనిపించనంత రక్తస్రావం కావచ్చు, మాంసకృత్తుల, లవణాల భారం మూత్రపిండాల మీద పడుతుంది.

నిల్వ పాలు కొన్నిసార్లు చెడిపోవడం నిజమే, అయితే దానికి కారణం బిడ్డ వయసు కాదు, దాచిన తీరు. అప్పుడే పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, డీప్ ఫ్రీజర్‌లో 6 నెలల దాకా బాగుంటాయి. మన వేసవిలో ఇంటి లోపలే 35 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ 4 గంటల లెక్క మనకు వర్తించదు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. గడ్డకట్టిన పాలను ముందురోజు రాత్రే కింది అరలోకి మార్చి, పూర్తిగా కరిగాక 24 గంటల్లోపు వాడాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్‌లో పెడితే పాలు అక్కడక్కడా మరీ వేడెక్కి నోరు కాలుతుంది. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే వాడకూడదు కనుక, ఒక్కో డబ్బాలో 60 మిల్లీలీటర్లకు మించకుండా పోసి, తేదీ రాసి, పాతవి ముందుగా తీయాలి.