వినేవాళ్ళకు కూలి ఇప్పించండి

వరంగల్‌లో వినేవాళ్ళ కొరత తీవ్రంగా ఉంది. యూరియాకు కొరత వస్తే రైతులు లైన్లో చెప్పులు పెడతారు, పేపర్లో ఫోటో పడుతుంది, అధికారులు సమీక్ష పెడతారు. చెవులకు కొరత వస్తే అడిగే నాథుడు లేడు. ఉమ్మడి జిల్లా ఆరు ముక్కలయ్యాక మనకు కలెక్టర్లకైతే లోటు లేదు. ఆరుగురిలో ఒక్కరైనా ఈ విషయం చూస్తారనే ఆశతో రాస్తున్నాను.

మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళు, నాలుగు పాడ్‌కాస్టులు. ట్యూషన్ సార్‌ది ఒకటి, ప్లాట్లు అమ్మే ఆయనది ఒకటి, జిమ్ నడిపే పిల్లగాడిది ఒకటి, నాలుగోది మా అన్న కొడుకుది. ఒకరిది ఒకరు వినరు. కానీ ఒకరినొకరు గెస్టుగా పిలుచుకుంటారు. పోయిన నెల ముగ్గురూ బిజీగా ఉండడంతో మావాడు నన్ను పిలిచాడు. గంటా యాభై నిమిషాలు మాట్లాడాను. ఇప్పటిదాకా దాన్ని అరవై మూడు మంది చూశారు. అందులో ఎంతమంది పెరిగారా అని నేను తెరిచి చూసినవే నలభై దాకా ఉంటాయి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం ఇంట్లో రేడియో ఉండాలంటే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసుకు పోయి ఫీజు కట్టి, పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. 1980లలో గానీ ఆ పద్ధతి పోలేదు. అంటే వినడానికి మనమే ఎదురు డబ్బు కట్టాం! డబ్బు కట్టాడు కాబట్టి మా బాపు ఒక్క నిమిషం వృథా పోనిచ్చేవాడు కాదు. రేడియోకు ఖాకీ గుడ్డతో అంగీ కుట్టించి గూట్లో పెట్టాడు. పొద్దున 6.55కి "ఇయం ఆకాశవాణీ" అనగానే అమ్మ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది. 1974లో మొదలైన సంస్కృత వార్తలవి. మా ఇంట్లోనే కాదు, వాడకట్టు మొత్తంలో సంస్కృతం వచ్చినవాళ్ళు లేరు. అయినా ఐదు నిమిషాలూ ఎవరూ గొంతెత్తేవారు కాదు. అందులో మొదట వచ్చే "శ్రూయంతామ్" అంటే వినండి అని నాకు డిగ్రీలో తెలిసింది. అర్థం కాకముందే మాట విన్నాం మరి.

తర్వాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. పది నిమిషాల్లో దేశం, ప్రపంచం, క్రికెట్ చెప్పేసి, వార్తలు ఇంతటితో సమాప్తం అని వెళ్ళిపోయేవారు. మీరేమంటారో కింద రాయండి అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా బాపు చెప్పేవాడు, అది వేరే సంగతి.

రేడియోలో లోపాలు లేవని కాదు. మంత్రిగారు ప్రారంభించారు, మంత్రిగారు శంకుస్థాపన చేశారు, మంత్రిగారు పిలుపునిచ్చారు. ఈ మూడు క్రియలు తీసేస్తే బులెటిన్‌లో మిగిలేది వాతావరణమే. 1997లో ప్రసార భారతి సంస్థ వచ్చి ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి తెచ్చింది. అప్పటి నుంచి మంత్రిగారు స్వయంప్రతిపత్తితో ప్రారంభిస్తున్నారు. మన హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన జరిగింది, 2024 నవంబరులో ప్రారంభం జరిగింది. ఆ రెండు రోజులు ఏ బులెటిన్‌లోనైనా చక్కగా ఇముడుతాయి. మధ్యలో నానిన పదేళ్ళను పది నిమిషాల్లో ఎక్కడ ఇరికిస్తారు?

ప్రైవేటు ఎఫ్ఎం వాళ్ళది ఇంకో కష్టం. సొంతంగా వార్తలు చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాన, పండుగలు, పరీక్షలు, నల్లా నీళ్ళు, కరెంటు కోతలు మాత్రం చెప్పొచ్చు. 2011 నాటి విధానం ప్రకారం అవి వార్తలు కావు. కాబట్టి హనుమకొండ చౌరస్తాలో బండ్లు ఆగిపోయాయని చెప్పడానికి అభ్యంతరం లేదు. ఎందుకు ఆగాయో, ఎవరు రోడ్డు మీద కూచున్నారో, వాళ్ళకు ఏం కావాలో చెబితే అది వార్త అయ్యే ప్రమాదం ఉంది. అందుకని యాంకరమ్మ గబుక్కున పాట వేస్తుంది. అదే అమ్మాయి ఇంటికెళ్ళి ఫోన్ ముందు కూచుంటే చౌరస్తా ఏం ఖర్మ, చైనా గురించి కూడా మూడు గంటలు మాట్లాడొచ్చు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆస్తి చేతికొచ్చాక మనం పాటలు పెట్టుకున్నాం.

ఇక మావాడి సంగతి. సంస్కృతి మీద ఎపిసోడ్ చేస్తానని రెండు కాలర్ మైకులు కొన్నాడు. ఒకటి మా అమ్మ కొంగుకు పెట్టాడు. "నాయనమ్మా, బతుకమ్మ వెనుకున్న అసలు రహస్యం ఏంది? జర డీప్‌గా చెప్పు" అన్నాడు.

"రహస్యమేంది బిడ్డా? పువ్వులు కోసుడు, పేర్చుడు, ఆడుడు, చెరువుల ఏసుడు" అంది. ఇంతలో బయట నల్లా వచ్చింది. మైకు కొంగుకు ఉండగానే లేచి బిందె పట్టుకుని పోయింది. మిగతా గంటా నలభై నిమిషాలు మావాడే లోతుగా వెళ్ళాడు. వెనుక నీళ్ళు పడే చప్పుడు చివరిదాకా స్పష్టంగా వినిపిస్తుంది. నన్నడిగితే మొత్తం ఎపిసోడ్‌లో సమాచారం అదొక్కటే. ఆ పూట నల్లా ఎంతసేపు వచ్చిందో తెలుస్తుంది.

రామప్ప గుడి మీద కూడా చేశాడు. యునెస్కో గుర్తింపు వచ్చిన 2021 నుంచి మనవైపు ప్రతి పాడ్‌కాస్టులో ఆ గుడి గోపురపు తేలిక ఇటుక ఒకటి నీళ్ళలో తేలుతుంది. ఇటుక తేలుతుంది, మిగతాదంతా మునుగుతుంది. ఎనుమాముల మార్కెట్ యార్డు మీద చేయరాదురా అన్నాను. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు తొలి వేలంలో, పలికిన ధర కొద్ది బస్తాలకే దక్కి, వెనుక లైన్లో ఉన్న రైతు తేజ మిర్చికి ఎందుకు దక్కదో కనుక్కోమన్నాను. "దానికి వ్యూస్ రావు చిన్నబాపూ" అన్నాడు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడిపి విత్తనాల గురించీ, జొన్నల గురించీ మాట్లాడారని చెప్పాను. వాళ్ళకు సబ్‌స్క్రైబర్లు ఎంతమంది అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుచేత ప్రభుత్వానికి నా విన్నపం. పాత లైసెన్సు పుస్తకాలు దులిపి బయటికి తీయండి. ఈసారి మాట్లాడేవాళ్ళకు ఇవ్వండి. పోస్టాఫీసులో లైన్ కట్టి, గంటకింత అని కట్టి ముద్ర వేయించుకోవాలి. వచ్చిన సొమ్ముతో వినేవాళ్ళకు ఉపాధి హామీ లెక్కన కూలి ఇవ్వండి. గెస్టు నవ్వకముందే హోస్టు నవ్విన చోట పావలా ఎక్కువ వేయాలి. "ఇంకొంచెం డీప్‌గా వెళ్దాం" అన్నప్పుడు ఓవర్‌టైం. మస్టర్‌లో హాజరు వేయడానికి మేట్లు కావాలంటే మా వీధిలో ఇప్పుడు ఖాళీగా ఉన్నది నేనొక్కడినే.

మొన్న రాత్రి మావాడు ఉరుక్కుంటూ వచ్చాడు. "చిన్నబాపూ, ఎవలో మన బతుకమ్మ ఎపిసోడ్ మొత్తం చూసిండ్రు! చివరిదాకా! దాని తర్వాత ఇంకో మూడు కూడా!" కళ్ళల్లో నీళ్ళొక్కటే తక్కువ. లోపలి గదిలోకి చూశాను. నిద్ర పట్టడం లేదంటే నేనే పొద్దుగూకి అమ్మకు ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. దిండు పక్కన ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. అమ్మ గురక పెడుతోంది.

ఆమె పేరు మీద ఏడు గంటల కూలి బాకీ రాసి పెట్టాను.