ఏడు శ్రుతి దారం: కమీయ్ ‘లె ఫిల్’ ఎందుకు వినాలి?

‘నాటు నాటు’ 2023లో ఆస్కార్ తెచ్చుకున్న విభాగంలోనే, 2025లో ‘ఎమీలియా పెరెజ్’ సినిమా పాటకు అవార్డు అందుకున్న ముగ్గురిలో ఫ్రెంచ్ గాయని కమీయ్ ఒకరు. ‘రాటటూయీ’ (2007) యానిమేషన్ సినిమాలో ‘లె ఫెస్తాఁ’ పాడిందీ ఆమే. ఈ రెండూ విని ఆమె గొంతు తెలిసిపోయిందనుకుంటే పొరపాటు. అసలు సరుకు 2005 నాటి ఆమె ఆల్బమ్ ‘లె ఫిల్’లో ఉంది.

ఫిల్ అంటే దారం. ఆ దారం ఒకే ఒక్క స్వరం: పాశ్చాత్యులు ‘బి’ అనే స్వరం. మన హార్మోనియం లెక్కలో ఏడు శ్రుతి. ఆల్బమ్ మొదట్లో పట్టుకున్న ఆ నాదం పాటకూ పాటకూ మధ్య సందులో కూడా తెగదు. పాట హోరెత్తితే చెవికి అందదు, కాస్త ఖాళీ దొరగ్గానే మళ్లీ పైకి తేలుతుంది.

తంబూరా గుర్తుకు రావడం సహజమే కానీ, ఆ పోలిక సగం దాకే నిలుస్తుంది. మన కచేరీలో శ్రుతి అంటే షడ్జమం (స), ఎన్ని రాగాలు మారినా దాని స్థానం మారదు. పాశ్చాత్య పద్ధతిలో పాట ఆధార స్వరమే (మన ‘స’ లాంటిది) మారుతుంది కాబట్టి, నిలిచి ఉన్న స్వరానికి హోదా మారుతుంది. ఆధారం ‘ఇ’ అయితే బి పంచమం (ప), హాయిగా కూర్చుంటుంది. ‘జి’ అయితే అంతర గాంధారం (గ). ‘సి’ అయితే కాకలి నిషాదమై (ని) పై షడ్జమం వైపు లాగుతూ గుచ్చుకుంటుంది. ఇదేదో గిమ్మిక్కు అని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి వినిపించుకోరు.

డబుల్ బేస్, అక్కడక్కడా కీబోర్డు తప్పిస్తే మిగతాదంతా గొంతే. ‘తా దులర్’లో నొప్పిని పిలవని చుట్టంలా నిలదీసి గెంటేస్తుంది, తాళమంతా పెదవులూ నాలుకా చూసుకుంటాయి. ఒకే గొంతును పొరలుగా పేర్చడంలో ఒక చిక్కుంది: నాద గుణం ఒకటే కావడంతో పొరలు ఒకదాన్నొకటి మింగేసి పలచబడతాయి. నిర్మాణంలో తోడున్న ఇంగ్లిష్ సంగీతకారుడు మేజికర్‌తో కలిసి ఆమె ఒక పొరను ఊపిరిగా, ఇంకోదాన్ని ముక్కుతో, మరోదాన్ని గొంతు అడుగు నుంచి పలికించి ఆ చిక్కును దాటేసింది. అన్నీ ఇదే స్థాయిలో లేవు. ‘బేబీ కార్నీ బర్డ్’లో పాటకన్నా ప్రయోగమే ఎక్కువ.

వినేటప్పుడు షఫుల్ (పాటల వరస కలిపేసేది) తీసేయండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపేది) కూడా. లేకపోతే పాటల అతుకుల దగ్గర దారం సన్నబడి లావవుతుంది. పాత ఎంపీ3 ఫైళ్లయితే ప్రతి పాట అంచునా రవ్వంత నిశ్శబ్దం చేరి టక్కున తెగుతుంది, సీడీతో ఆ బాధ లేదు. ఫోన్ స్పీకర్ డబుల్ బేస్ అడుగు స్వరాలను పలికించలేదు, హెడ్‌ఫోన్స్ కావాలి.

చివరి ‘కాఁ జె మార్ష్’ ముగిశాక ఆ నాదం ఒంటరిగా అరగంటకు పైగా సాగుతుంది. ఎక్కువే, పది నిమిషాలకే విషయం అర్థమైపోతుంది. అయినా కట్టేయకుండా వంటపనిలో పడి చూడండి. అది ఆగిన క్షణాన గది బోసిపోతుంది.