ట్రక్కుకు కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేస్తే 20 హార్స్‌పవర్ పెరుగుతుందన్న మాటలో నిజమెంత?

ట్రక్కుల వాళ్ల మధ్య ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "కంపెనీ ఇచ్చిన ఎయిర్ బాక్స్ ఇంజిన్‌కు ఊపిరాడనివ్వదు. దాన్ని తీసేసి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ బిగిస్తే 20 హార్స్‌పవర్ పెరుగుతుంది. మైలేజీ 10 శాతం పెరుగుతుంది. టర్బో డీజిల్‌కైతే లాభం ఇంకా ఎక్కువ. ఫిల్టర్ కడుక్కుంటూ జీవితాంతం వాడుకోవచ్చు. అరగంట పని, ట్యూనింగ్ అక్కర్లేదు." ఇందులో కొంత సగం నిజం, కొంత లెక్కకు నిలవనిది, కొంత ఇంజిన్‌కే చేటు. అందుకే ఒక్కో ముక్కనూ విడదీసి చూడాలి.

"కంపెనీ బాక్స్ ఇంజిన్ దగ్గరి వేడి గాలి పీలుస్తుంది"

బానెట్ ఎత్తి ఎయిర్ బాక్స్ మూతి ఎటు పోతుందో చూడండి. ఇప్పటి ట్రక్కుల్లో దాదాపు అన్నిటికీ అది ఫెండర్ లోపలి ఖాళీలోకో, రేడియేటర్‌కు ముందు గ్రిల్ వెనక్కో తెరుచుకుంటుంది. అంటే పీల్చేది బయటి గాలినే. బాక్సు నాలుగు వైపులా మూసి ఉంటుంది కాబట్టి ఇంజిన్ వేడి లోపలికి చేరేది తక్కువ. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అన్న మాటకు అర్థం ఇదే. బండి కంపెనీ నుంచి వచ్చేటప్పుడే దాన్ని వేసుకుని వస్తుంది.

దాని బదులు వేసే కిట్లలో చాలావాటికి పైకి తేలి ఉన్న శంకు ఆకారపు ఫిల్టరు, మూడు వైపులా రేకు అడ్డు, పైన బానెట్‌కు ఆనే రబ్బరు పట్టీ ఉంటాయి. ఆ పట్టీ సరిగా ఆనకపోతే, నెమ్మదిగా పోయేటప్పుడూ ఆగి ఉన్నప్పుడూ ఫిల్టరు పీల్చేది ఇంజిన్ చుట్టూ ఉన్న గాలినే. పాత కార్బురేటర్ బండ్లలో ఇంజిన్ నెత్తిన గుండ్రటి ఎయిర్ క్లీనర్ ఉండి అక్కడి గాలినే పీల్చేది. ఈ మాట ఆ బండ్లకు నిజమే, అక్కడి నుంచే ఇప్పటి బండ్లకూ అంటుకుంది.

పరీక్షించడం కష్టం కాదు. ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటరులోని రీడింగులు చూపే పరికరం, పెట్టి ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడండి. స్థిరమైన వేగంతో 10 నిమిషాలు నడిచాక అది బయటి ఉష్ణోగ్రత కన్నా 5 నుంచి 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉంటే, మీ బాక్సు తన పని తాను చేస్తున్నట్టే. ఒక జాగ్రత్త: కొన్ని కిట్లలో ఈ సెన్సర్ చోటు మారుతుంది. దాన్ని ఫిల్టరుకు దగ్గరగా జరిపితే, ఇంజిన్‌కు చేరే గాలి చల్లబడకపోయినా అంకె తగ్గి కనిపిస్తుంది.

"20 హార్స్‌పవర్ పెరుగుతుంది"

ఈ అంకెను నీటితో కొలవచ్చు. ఎయిర్ ఫిల్టరు, గొట్టం కలిసి గాలికి ఎంత అడ్డు పడుతున్నాయో తెలిపేది ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ (పెడల్ నొక్కితే తెరుచుకుని ఇంజిన్‌కు గాలి వదిలే పలకకూ) మధ్య ఉన్న పీడనం. వాతావరణ పీడనం సుమారు 1,033 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. కాబట్టి ఇన్‌టేక్‌లో ప్రతి 10 సెంటీమీటర్ల నీటి అడ్డుకూ ఇంజిన్‌కు అందే గాలిలో పోయేది దాదాపు 1 శాతం.

350 హార్స్‌పవర్ పెట్రోల్ ట్రక్కులో ఫుల్ థ్రాటిల్ మీద, పై ఆర్‌పీఎం దగ్గర, ఈ అడ్డు 25 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఆ అడ్డు మొత్తం మాయమైనా, అంటే ఫిల్టరూ గొట్టమూ లేకుండా ఇంజిన్ నేరుగా గాలి పీల్చినా, వచ్చేది 2.4 శాతం, అంటే 8 హార్స్‌పవర్. ఏ కిట్టూ అడ్డును సున్నా చేయలేదు. సగం తగ్గిస్తే 4 వస్తుంది. ఇక చల్లదనం సంగతి: గాలి 10 డిగ్రీలు చల్లబడితే సాంద్రత 3 శాతం పెరుగుతుంది. కానీ బాక్సు ఇప్పటికే బయటి గాలి పీలుస్తుంటే అంత తగ్గించడానికి చోటే ఉండదు. 20 రావాలంటే దాదాపు 6 శాతం దొరకాలి. మంచి స్థితిలో ఉన్న కంపెనీ బాక్సులో అంత నష్టమే లేనప్పుడు దాన్ని తిరిగి తెచ్చే దారి ఎక్కడిది?

మీ బండిలో అడ్డు ఎంతో తెలియాలంటే ఫిల్టరు తర్వాతి గొట్టానికి రెస్ట్రిక్షన్ గేజి పెట్టండి. పెద్ద లారీల ఎయిర్ క్లీనర్‌కు ఇది ముందే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ మీద ఒక గేరు చివరిదాకా లాగి, గేజి ఎక్కడ నిలిచిందో చూడండి. నీళ్లు పోసిన యు ఆకారపు పారదర్శక గొట్టంతోనూ కొలవవచ్చు. అయితే ఒక్కో చేయి కనీసం 1 మీటరు ఉండాలి, మధ్యలో ఒక ఖాళీ సీసా పెట్టాలి. లేదంటే ఆ నీళ్లే ఇంజిన్‌లోకి పోతాయి. 25 లోపు వస్తే కిట్ ఆలోచన వదిలేయవచ్చు. 50 దాటితే ముందు కొత్త ఫిల్టరు వేసి మళ్లీ కొలవండి.

డైనో, అంటే బండి శక్తిని కొలిచే యంత్రం, ఇచ్చిన గ్రాఫ్ చూపించి నిరూపించే వాళ్లున్నారు. అదే బండి అదే డైనో మీద వరుసగా రెండుసార్లు లాగినా 1 నుంచి 2 శాతం తేడా మామూలు. 350కి అది 3 నుంచి 7 హార్స్‌పవర్. దానికి తోడు బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి కొలిస్తే బయటకు తేలిన ఫిల్టరుకు రోడ్డు మీద ఎన్నడూ దొరకని చల్లగాలి దొరుకుతుంది. నమ్మదగిన పరీక్ష కావాలంటే బానెట్ మూసి ఉండాలి. పాత బాక్సులో కొత్త ఫిల్టరు ఉండాలి. ఒకే గేరు, ఒకే కూలెంట్ ఉష్ణోగ్రత. ముందు పాత బాక్సుతో మూడుసార్లు, తర్వాత కిట్‌తో మూడుసార్లు, మళ్లీ పాత బాక్సుతో మూడుసార్లు లాగాలి. ఆ చివరి మూడూ లేని గ్రాఫ్‌ను పట్టించుకోకండి.

"మైలేజీ 10 శాతం పెరుగుతుంది"

ఈ ముక్కలో ఏ కొంచెమూ నిజం లేదు. పెట్రోల్ ఇంజిన్ మామూలు ప్రయాణంలో థ్రాటిల్ చాలావరకు మూసుకునే నడుస్తుంది. అప్పుడు మానిఫోల్డ్‌లో, అంటే థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, పీడనం వాతావరణంలో సగం ఉందంటే, థ్రాటిల్ పలక ఒక్కటే 500 సెంటీమీటర్ల నీటికి సమానమైన అడ్డు పెడుతోందన్నమాట. ఆ కొద్దిపాటి గాలి ప్రవాహానికి ఫిల్టరు పెట్టే అడ్డు 1 నుంచి 3 సెంటీమీటర్లు. అది తగ్గితే డ్రైవరు కాలు పెడల్‌ను వెంట్రుకవాసి వెనక్కి తీస్తుంది, థ్రాటిల్ ఆ మేరకు మూసుకుంటుంది. ఇంధనం ఖర్చు మారదు.

ఇంకా చెప్పాలంటే, గాలి చల్లబడితే అదే శక్తికి థ్రాటిల్ ఇంకాస్త మూయాల్సి వస్తుంది కాబట్టి పీల్చడానికయ్యే వృథా కొద్దిగా పెరుగుతుంది. మైలేజీ కోసం తపించే కొందరు గాలిని కావాలనే వేడి చేసి పంపేది ఇందుకే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో ఇప్పటి తరహా ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లకు పూడుకుపోయిన ఫిల్టర్లు పెట్టి పరీక్షించింది. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది పికప్‌లో: కొత్త ఫిల్టరు వేస్తే వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. పూడుకుపోయిన ఫిల్టరే మైలేజీని తగ్గించనప్పుడు, శుభ్రంగా ఉన్నదాన్ని మార్చి పెంచేదేముంటుంది? డీజిల్‌కు థ్రాటిల్‌తో శక్తిని అదుపు చేసే పద్ధతే లేదు. మామూలు లోడు మీద దానికి అవసరానికి మించిన గాలి ఎప్పుడూ ఉంటుంది.

"టర్బో డీజిల్‌కు లాభం ఇంకా ఎక్కువ"

ఇక్కడ నిజం తలకిందులుగా ఉంది. టర్బో తన కంప్రెసర్‌తో గాలిని నొక్కి ఇంజిన్‌కు పంపుతుంది, నొక్కినప్పుడు వేడెక్కిన ఆ గాలిని ఇంటర్‌కూలర్ చల్లారుస్తుంది. బయట 30 డిగ్రీలు, టర్బో పీడనాన్ని 3 రెట్లు చేస్తోంది, కంప్రెసర్ సామర్థ్యం 72 శాతం, బయటి గాలి కన్నా అదనంగా ఉన్న వేడిలో ఇంటర్‌కూలర్ 80 శాతం తీసేస్తోంది అనుకుందాం. టర్బోలోకి 30 డిగ్రీల గాలి పోతే దాదాపు 185 డిగ్రీలై బయటికొస్తుంది, ఇంటర్‌కూలర్ దాటాక 61కి దిగుతుంది. అదే 40 డిగ్రీల గాలి పోతే 200 అయి, 64కి దిగుతుంది. టర్బోకు ముందు 10 డిగ్రీల తేడా ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి 3 డిగ్రీలైంది.

అడ్డు విషయంలోనూ అంతే. 25 సెంటీమీటర్ల అడ్డు 12కు తగ్గితే అదే బూస్టుకు, అంటే టర్బో ఇచ్చే అదే పీడనానికి, టర్బో పనిచేయాల్సిన పీడన నిష్పత్తి 3.07 నుంచి 3.04కు దిగుతుంది. ఎలక్ట్రానిక్ డీజిల్‌లో టార్కు ఎంతివ్వాలో నిర్ణయించేది కంప్యూటరు పోసే డీజిలు. బూస్టును కూడా అది ఒక అంకెకు పట్టి ఉంచుతుంది. గాలి తేలిగ్గా వచ్చినంత మాత్రాన అది డీజిలు ఎక్కువ పోయదు.

డీజిల్ లాగడం లేదంటే చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య పేరుకున్న మట్టి, పురుగులు. హోస్ పైపుల్లో పగుళ్లు, వదులైన క్లాంపులు. టర్బో మూతి దగ్గర గొట్టం మూసి 1 నుంచి 1.4 బార్ గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు లీకు ఎక్కడో చూపిస్తాయి. బూస్టు లీకు దొరికితే దాన్ని అరికట్టడం వల్ల వచ్చే లాభం ఏ ఇన్‌టేక్ కిట్టూ ఇవ్వదు.

"ఫిల్టర్ కడుక్కుని జీవితాంతం వాడుకోవచ్చు"

వాడుకోవచ్చు. కానీ ఇంజిన్ ఎంతకాలం ఉంటుందో కూడా చూసుకోవాలి. నూనె పట్టించిన నూలు ఫిల్టరులో గాలి సులువుగా పోయేది దాని రంధ్రాలు పెద్దవి కాబట్టి. ఒక ఫిల్టరు 99.5 శాతం ధూళి ఆపుతుంది, ఇంకోటి 97.5 ఆపుతుంది అంటే రెండూ ఒకటే అనిపిస్తుంది. లోపలికి పోయేది లెక్కేయండి: 0.5కి 2.5, అంటే అయిదు రెట్ల ధూళి. అది రింగులనూ సిలిండర్ గోడలనూ గరుకు కాగితంలా అరగదీస్తుంది. టర్బో ఉంటే కంప్రెసర్ రెక్కల అంచులు కూడా అరుగుతాయి. కిట్ కొనేముందు ఐఎస్ఓ 5011, అంటే ఎయిర్ ఫిల్టర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం, ప్రకారం చేసిన పరీక్ష ఫలితం అడగండి. గాలి ఎంత పోతుందన్న అంకె ఒక్కటే చూపించి, ధూళి ఎంత ఆగుతుందన్నది చెప్పకపోతే వదిలేయండి.

కడిగే పద్ధతిలోనే చాలామంది పొరపడతారు. నీళ్లు లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో పోవాలి. నీడలో దానంతటదే ఆరాలి. కంప్రెసర్ గాలి కొడితే నూలు చిరుగుతుంది. నూనె మడతల అంచున సన్నగా వేసి 20 నిమిషాలు ఆగితే అదే పాకుతుంది. చుక్కలు కారేలా వేస్తే ఆ నూనె ఇంజిన్‌కు పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద చేరి, దాని మీద ధూళి అంటి, రీడింగు తప్పుతుంది. అలా అయితే ఆ సెన్సర్ కోసమే వచ్చే స్ప్రేతో కడగాలి. తీగను గుడ్డతో తుడవకూడదు.

లారీల కాగితపు ఫిల్టరును నేలకేసి కొట్టి, గాలి కొట్టి మళ్లీ వేసే అలవాటు కూడా ఇంతే చేటు. కాగితం మీద పలుచగా పట్టిన ధూళి పొర ఇంకా సన్నటి ధూళిని ఆపుతుంది. కొట్టినప్పుడు ఆ పొర పోతుంది, మడతలు చిట్లుతాయి. లారీలో గేజి 63 సెంటీమీటర్ల దగ్గరికి, అంటే 25 అంగుళాలకు, వచ్చేదాకా ముట్టుకోనక్కర్లేదు.

"అరగంట పని, ట్యూనింగ్ అక్కర్లేదు"

మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ గాలి మొత్తాన్నీ కొలవదు. గొట్టం మధ్యలో కొంచెం గాలిని చూసి, గొట్టం వ్యాసాన్ని బట్టి మొత్తం లెక్క కడుతుంది. ఆ లెక్క కంపెనీ గొట్టానికి తయారైంది. సెన్సర్ కూర్చునే చోట 80 మిల్లీమీటర్ల గొట్టం పోయి 90 వస్తే వైశాల్యం 27 శాతం పెరుగుతుంది. అదే గాలికి సెన్సర్ 21 శాతం తక్కువ చూపిస్తుంది. దాంతో కంప్యూటరు ఆ గాలికి కావలసినంత పెట్రోలు పోయదు. మామూలు ప్రయాణంలో ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటరు సర్దుతుంది. సర్దలేనంత అయితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెప్పే పి0171, పి0174 కోడ్లు వస్తాయి. అసలు ప్రమాదం ఫుల్ థ్రాటిల్ మీద. అక్కడ ఆ సర్దుబాటు మీద ఆధారపడలేం. మిశ్రమం పలచబడి మొదట కొంచెం లాగినట్టు అనిపిస్తుంది, లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడడం, మొదలవుతుంది. కంప్యూటరు స్పార్కు టైమింగ్‌ను వెనక్కి లాగి, వచ్చిందనుకున్న శక్తిని కూడా తీసేస్తుంది.

బిగించిన తర్వాత స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్, అంటే కంప్యూటరు పెట్రోలును ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె, చూడండి. ముందున్న అంకె నుంచి 5 శాతం లోపు మారితే ఫరవాలేదు. 10 దాటితే తీసేయండి, లేదా సరిగా ట్యూన్ చేయించండి. ఈ సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ పీడనంతో లెక్కకట్టే ఇంజిన్లకు ఈ చిక్కు లేదు.

"పెడల్ నొక్కగానే తేడా తెలుస్తుంది"

తెలిసేది శబ్దం. కంపెనీ గొట్టానికి పక్కన అంటుకుని ఉండే డబ్బా, అంటే రెజొనేటర్, పీల్చే చప్పుడును మింగేస్తుంది. కిట్‌లో అది ఉండదు. ఆ గర్జన నచ్చి కొనుక్కుంటే తప్పు లేదు, దాన్ని హార్స్‌పవర్ అనుకోకూడదు.

నీళ్ల సంగతి మాత్రం ఆ మాటలో ఎక్కడా ఉండదు. ఫిల్టరును బంపర్ మూలలోకి దించే కిట్లు ఉన్నాయి. నీళ్లు నిలిచిన రోడ్డులో అది మునిగితే సిలిండర్లోకి నీరు పోతుంది. నీరు నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ట్రక్కుకు ఆ రకం వద్దు.

కిట్ నిజంగా అక్కరకొచ్చే బండ్లు ఉన్నాయి. పెద్ద టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ వేసి, ట్యూన్ మార్చి, గాలి వాడకం కంపెనీ లెక్కను ఎంతో దాటిపోయినప్పుడు పాత బాక్సు నిజంగానే ఇరుకవుతుంది. గేజి కొత్త ఫిల్టరుతో కూడా 50 దాటి చూపిస్తుంది. అప్పుడు మూసిన బాక్సు, నూనె అక్కర్లేని పొడి ఫిల్టరు, కంపెనీ మూతికి కలిసే దారి, సెన్సర్ దగ్గర అదే వ్యాసం ఉన్న కిట్ ఎంచుకోండి.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఒక పని చేయండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఫిల్టరు తర్వాతి గొట్టం విప్పి లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు సన్నటి ధూళి అంటితే ముందు క్లాంపు బిగువు, ఫిల్టరు మెడ చూడండి. అవి సరిచేసి, గొట్టం శుభ్రంగా తుడిచి, మరో 500 తిరిగాక కూడా ధూళి వస్తుంటే పాత బాక్సు మళ్లీ బిగించండి. దాన్ని అమ్మేసి ఉండకపోతే ఆ పనికి నిజంగానే అరగంట చాలు.