సమానత్వం కిట్టు 1,850, చీపురు విడిగా

పోయిన నెల మా అమ్మాయి బడి నుంచి వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా 'ఇన్‌క్లూజన్ వీక్' అట. పిల్లల్లో సమానత్వం, సామాజిక న్యాయం లాంటి విలువలు పెంచడానికి ఐదు బొమ్మల పుస్తకాలు, ఒక వర్క్‌బుక్కు, ఒక స్టిక్కర్ షీటు, అంతా కలిపి కిట్టు 1,850 రూపాయలు. శుక్రవారంలోగా కట్టాలి. కట్టనివాళ్ల పిల్లల్ని ఆ వారం కార్యక్రమాల్లో కూర్చోబెట్టడం కుదరదు. ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివాను. అందర్నీ కలుపుకోవడం నేర్పే వారంలోకి డబ్బు కట్టని పిల్లాణ్ని రానివ్వరు. తప్పేముంది లెండి, కలుపుకోవాలంటే ముందు కొందరు బయట ఉండాలిగా.

నేను కట్టేశాను. జాలిపడకండి, మీరైనా కట్టేవాళ్లే.

"నాన్నా, ఇన్‌క్లూజన్ అంటే ఏంటి?" అని అడిగింది పాప. మూడో తరగతి. ప్రభుత్వ భాషలో 'సమ్మిళితం' అంటారని చెప్పాను. సమ్మిళితం అంటే ఏంటంది. మీ టీచర్ని అడగమన్నాను. "ఇన్‌క్లూజన్ మీన్స్ ఇన్‌క్లూడింగ్ ఎవ్రీవన్" అన్నారట టీచరు. అదంతా వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ, "పల్లెవెలుగు బస్సులో కండక్టరు అరుస్తాడు చూడు, కొంచెం లోపలికి జరగండమ్మా అని, అదేనే" అంది. ఆ వారం మొత్తంలో ఈ విషయం మీద నేను విన్న తెలివైన మాట అదొక్కటే. పాపం ఆమెకి పీపీటీ లేదు.

పుస్తకాలు మాత్రం అందంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మందపాటి కాగితం, అన్నీ ఇంగ్లీషే. ఒకదాంట్లో చక్రాల కుర్చీలో ఉన్న పాప మంచులో స్నేహితులతో ఆడుకుంటుంది. బెజవాడ ఎండల్లో పెరిగే పిల్లలకి ముందు మంచు ఏంటో చెప్పాలి, తర్వాత కుర్చీ సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, బడి భవనాలు ఆ పిల్లలకి అందుబాటులో ఉండాలంది. మా బడి లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. ర్యాంపు లేదు, లిఫ్టు లేదు, మెట్లు 44, నేనే లెక్కపెట్టాను. చక్రాల కుర్చీ పాప బొమ్మగా అయితేనే ఆ లైబ్రరీలోకి వెళ్లగలదు.

ఇంకొకటి, మా అమ్మాయికి బాగా నచ్చింది, క్లాసులోకి కొత్తగా వచ్చిన పిల్ల కథ. బెంచీ మీద ఎవరూ జరగరు. ఆ పిల్ల గోడ పక్కన నిలబడుతుంది. చివరి పేజీలో అందరూ జరుగుతారు. అంతే కథ. బాగుంది. మా అమ్మ చెప్పిందీ అదే, 1,850 లేకుండా.

కానీ చదివితే సరిపోదట, పిల్లలు 'అనుభవించాలి' అట. అందుకని శనివారం ఫ్యాన్సీ డ్రెస్. ఒక్కో పిల్లకి ఒక్కో 'అణగారిన వ్యక్తి'ని కేటాయించారు. మా అమ్మాయికి పారిశుద్ధ్య కార్మికురాలు తగిలింది.

గవర్నర్‌పేటలో డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి వెళ్లాను. "స్వీపర్ సెట్టుందా?" "ఉంది సార్, రెండొందల యాభై. ఆరెంజి జాకెట్టు, టోపీ, గ్లౌజులు." "చీపురు?" "చీపురు విడిగా సార్, అరవై." రుద్రమదేవి సెట్టుకి కత్తి కలిపే ఇస్తున్నాడు, కళ్లారా చూశాను. స్వీపర్ సెట్టుకి మాత్రం చీపురు విడిగానట. బేరమాడాను. "ఏ స్కూలు సార్?" అన్నాడు. చెప్పాను. "ఓ, ఇన్‌క్లూజనా! త్వరగా తేల్చుకోండి సార్, ట్రైబల్ సెట్లు నిన్ననే అయిపోయాయి, ముష్టివాడు ఒకటే మిగిలింది, అదీ చినిగిపోయింది." ఒక్క క్షణం ఆలోచించి తనే, "చినిగినా పర్లేదులెండి దానికి" అన్నాడు.

తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సిన కార్యక్రమం ముఖ్య అతిథి కోసం పదకొండుంబావు దాకా ఆగింది. అణగారిన వర్గాలన్నీ షామియానా కింద ఫ్రూటీలు తాగుతూ కూర్చున్నాయి. ముందు ఆదివాసీలు వచ్చారు. నలుగురు పిల్లలు, మొహాలకి కాటుక, నడుముకి ప్లాస్టిక్ ఆకులు, నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి ఊ ఊ ఊ అని అరుపులు. ఈ బడి స్టాఫ్‌రూములో తాగేది అరకు కాఫీ, డబ్బా మీద పేరుంది. ఆ కాఫీ పండించే వాళ్లు చొక్కాలు వేసుకుంటారనీ, సెల్‌ఫోన్లో మాట్లాడతారనీ, వాళ్ల పిల్లలు ఇంజనీరింగు చదువుతారనీ ఈ జనానికి ఎవరు చెబుతారో తెలీదు. తర్వాత ఒక చూపులేని వ్యక్తి. నల్లకళ్లద్దాలు నిజంగానే నల్లగా ఉండటంతో బాబు నేరుగా వెళ్లి మైకు స్టాండుని గుద్దుకుని పడ్డాడు. జడ్జిగారు అది నటన అనుకుని చప్పట్లు కొట్టారు. "చెయ్యి ముందుకి పెట్టరా చింటూ" అని వాళ్లమ్మ కింది నుంచి అరిచింది. మా అమ్మాయి వంతు వచ్చింది. వారం రోజులు బట్టీ పట్టిన డైలాగు: "నేను పారిశుద్ధ్య కార్మికురాలిని. నా పనిని గౌరవించండి. థాంక్యూ." టెన్షన్‌లో మధ్యది మర్చిపోయింది. "నేను పారిశుద్ధ్య కార్మికురాలిని. థాంక్యూ" అని దిగిపోయింది. ఫస్ట్ ప్రైజు ముష్టివాడికి. రియల్ ఎస్టేట్ ఆయన కొడుకు, బ్రహ్మాండంగా చేశాడు. ముఖ్య అతిథి కరిగిపోయి బొచ్చెలో ఐదొందల నోటు వేస్తే, వాడు దాన్ని వెలుతురుకి ఎత్తి అసలా నకిలీనా చూసుకున్నాడు.

అయిపోయాక నేలంతా మెరుపుల పొడి, ప్లాస్టిక్ ఆకులు, ఫ్రూటీ డబ్బాలు. బడిలో ఊడ్చే ఆయమ్మ వచ్చింది. చీపురు సగానికి అరిగిపోయి ఉంది, పుల్లలు జారిపోకుండా పైన పాత చున్నీ ముక్క కట్టుకుంది. "కొంచెం జరగండి సార్, కొంచెం జరగండమ్మా" అంటూ ఊడ్చుకుంటూ వస్తోంది. ఎవరూ జరగలేదు. ఫోన్లలోంచి తల తిప్పకుండా కాళ్లు మాత్రం పైకెత్తారు. నేనూ ఎత్తాను.

ఇక్కడ 'చెప్పేవి శ్రీరంగ నీతులు' అనే సామెత వేద్దామనుకున్నాను, రెండో సగం గుర్తొచ్చి ఆగిపోయాను. నీతిలేనితనాన్ని తిట్టడానికి మనకి ఒక కులం వాళ్ల గుడిసెలే దొరికాయి. మన కథల సంగతీ అంతే. అనగనగా ఒక ఊళ్లో ఒక పేద బ్రాహ్మణుడు ఉండేవాడు. చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు విన్నామో. ఆ ఊళ్లో ఇంకెవరూ పేదవాళ్లు లేరు కాబోలు. ఉంటే గింటే చాకలివాడు గాడిద వెనకాల, పిసినారి కోమటి కొట్లో. అలాగని వేరే కథలు తెలుగులో లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లోని అన్వేషి అనే స్త్రీల అధ్యయన సంస్థ వాళ్లు 2008లోనే దళిత, ముస్లిం, పల్లె పిల్లల కథలతో బొమ్మల పుస్తకాలు తెచ్చారు, గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు లాంటివాళ్లు రాశారు. అందులో ఒక పిల్ల తెల్లారకముందే పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్తుంది, ఇంకో ఇంట్లో తలకాయ కూర వండుకుంటారు. జాలి పడండి అని ఎవరూ అడగరు. అవి మా బడి కిట్టులోకి రావు. తలకాయ కూర అసలే రాదు, 'లంచ్‌బాక్సులో నాన్‌వెజ్, గుడ్డు పంపరాదు' అని జూన్‌లోనే సర్క్యులర్ వచ్చింది.

ఇప్పుడు గేటు దగ్గరి సంగతి. ఆయమ్మకి ఒక కూతురుంది. కార్పొరేషన్ బడిలో ఐదో తరగతి. నాలుగింటికి నడిచి వచ్చి, వాళ్లమ్మ పని అయ్యేదాకా వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుంటుంది. ఒకరోజు నేను కాస్త లేటుగా వెళ్లేసరికి మా అమ్మాయి కిట్టు పుస్తకం, అదే బెంచీ కథ, ఆ పిల్ల ఒళ్లో ఉంది. వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటోంది, మా బుల్లి స్వీపరమ్మ పక్కన నిలబడి గొప్పగా సాయం చేస్తోంది. సరిగ్గా కొత్త పిల్ల గోడ పక్కన నిలబడే పేజీ దగ్గరికి వచ్చారు. అప్పుడు వచ్చారు కోఆర్డినేటరు మేడమ్, ఇన్‌క్లూజన్ వీక్‌కి ఇన్‌ఛార్జి. "నీకెందుకమ్మా అది, కిట్టు పుస్తకం, మరకలవుతాయి" అని మెత్తగానే, నవ్వుతూనే తీసుకున్నారు. తీసుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి తడి టిష్యూ తీసి అట్ట తుడిచారు. ముందూ వెనకా.

ఏం తుడిచారమ్మా? ఏం అంటుకుందని తుడిచారు?

2009లో విద్యాహక్కు చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలని అందులో ఉంది. యాజమాన్యాలు కోర్టుకెక్కితే, ఎయిడ్ లేని మైనారిటీ బడులు తప్ప మిగతావాళ్లు ఇవ్వాల్సిందేనని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లు మొదలవడానికి 2022 దాకా పట్టింది, తెలంగాణ అంతకన్నా నెమ్మది. పన్నెండేళ్లు! ఆ సీట్లకి ఎంపికైన పిల్లల మొదటి జాబితా వచ్చినరోజు మా పేరెంట్స్ గ్రూపు చూడాల్సింది. 'వాళ్లతో కూర్చుంటే మన పిల్లల లాంగ్వేజ్ పాడవుతుంది.' 'హైజీన్ ఇష్యూ.' 'వాళ్లకి సెపరేట్ సెక్షన్ అడుగుదాం, ఏమంటారు?' దానికి పద్నాలుగు బొటనవేళ్లు. ఇదే గ్రూపులో మొన్న బెంచీ కథ వీడియో పెడితే లెక్కలేనన్ని గుండె బొమ్మలు, 'సో టచింగ్' అట. సిగ్గుండాలి. ఐదేళ్ల పిల్లాడు పక్కన కూర్చుంటే పాడైపోయే ఇంగ్లీషు కోసమా మీరు అప్పులు చేసి ఫీజులు కడుతోంది? రోజూ పొద్దున చెయ్యి ముందుకి చాపి 'భారతీయులందరు నా సహోదరులు' అని చెప్పిస్తారే, అది నల్గొండ జిల్లా మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖలో ఉద్యోగం చేస్తూ తెలుగులో రాసింది. కిట్టు లేదు, స్టిక్కర్లు లేవు. ఆ సహోదరుడు గేటు దాటి లోపలికొస్తే సెపరేట్ సెక్షన్ అడుగుతారు. చాపిన ఆ చెయ్యి ఇంకొకణ్ని తోసెయ్యడానికే పనికొస్తుంటే ఎందుకండీ పొద్దున్నే పిల్లల్ని ఎండలో నిలబెట్టడం?

సరే. వారం అయ్యాక పుస్తకాలు బడికే తిరిగివ్వాలట, డబ్బు మనది, పుస్తకాలు వాళ్లవి. మాదాంట్లో ఒక పేజీలో మరక ఉందని 370 రూపాయలు కట్టమన్నారు. చూశాను. ఎర్రటి నూనె మరక, మా అమ్మ పెట్టిన ఆవకాయ, మా అమ్మాయి వేలిముద్రతో సహా. కట్టాను. కట్టాను కాబట్టి పుస్తకం నాది అన్నాను. ఇచ్చారు.

సాయంత్రం గేటు దగ్గర మా అమ్మాయి దాన్ని ఆ పిల్లకి ఇచ్చేసింది. స్టూలు మీద ఇద్దరూ ఇరుక్కుని కూర్చుని చివరిదాకా చదివారు. ఎలా ఉందమ్మా అని అడిగాను.

"బాగానే ఉంది అంకుల్" అంది మర్యాదకి. తర్వాత కొంచెం ఆగి, "దెయ్యాలది ఏమన్నా ఉందా?"