మీ ఇంటికి స్వాగతం, ముందు ఓటీపీ చెప్పండి

రాబోయే పదేళ్ళలో ఫోనుతో నడిచే స్మార్ట్ ఇల్లు కట్టుకోబోయేవారు శంకుస్థాపనకన్నా ముందే తేల్చుకోవలసినది రౌటర్ స్థానం. ఇంతటి విషయంలో వాస్తు పండితులు ఇంకా నోరు మెదపకపోవడం శోచనీయం. వైఫైకి ఇంటి నడిమధ్య, ఆరడుగుల ఎత్తు శ్రేష్ఠం. ఇనప బీరువా మీద, చేపల తొట్టి వెనక నిషిద్ధం. కానీ నడిమధ్య అంటే బ్రహ్మస్థానం, అక్కడ బరువేదీ ఉండకూడదు. ఈ ధర్మసంకటాన్ని కేబుల్ కుర్రాడు ఎప్పుడో తీర్చేశాడు. వైరు ఏ కిటికీలోంచి దూరితే దాని పక్కనే మేకు కొట్టి, పెట్టె తగిలించి వెళ్ళిపోతాడు. ఇక వెనక బాత్‌రూములోని గీజరుకి కబురు అందాలంటే తొమ్మిదంగుళాల గోడలు మూడు దాటాలి.

స్మార్ట్ సామాన్లలో చాలాభాగానికి వైఫై తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరో భాష రాదు. మీ ఫోను దర్జాగా 5 గిగాహెర్ట్జ్‌లో ఉండగా బల్బును కలపబోతే, యాప్ ‘పరికరం కనబడలేదు’ అంటుంది. ఆ పరికరం మీ నెత్తిమీదే మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. రౌటర్ మారిస్తే మరో ముచ్చట: కొత్తదానికీ పాత పేరే, పాత పాస్‌వర్డే పెట్టండి. లేదంటే ఇంట్లోని బల్బులూ ఫ్యాన్లూ మిమ్మల్ని గుర్తుపట్టవు, ఒక్కొక్కదాన్నీ బతిమాలి మళ్ళీ కలుపుకోవాలి.

స్విచ్‌ల సంగతి. పాత ఇళ్ళలో ప్లగ్గు లేని బోర్డుల్లోకి చాలాచోట్ల కరెంటు తెచ్చే ఫేజ్ వైరు ఒక్కటే వస్తుంది, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరు నేరుగా పైన లైటు దగ్గరికి పోతుంది. మామూలు స్విచ్‌కి అది చాలు. స్మార్ట్ స్విచ్ మాత్రం లైటు ఆర్పేశాక కూడా తను మేలుకునే ఉండాలి, అందుకు న్యూట్రల్ అడుగుతుంది. న్యూట్రల్ అక్కర్లేని రకమూ ఉంది. అది బల్బు గుండా కాస్త కాస్త కరెంటు లాక్కుని బతుకుతుంది, దాంతో ఆర్పేసిన ఎల్‌ఈడీ రాత్రంతా గుడ్డిగా వెలుగుతుంది. విరుగుడుగా బల్బు దగ్గర దానికి సమాంతరంగా ఓ చిన్న కెపాసిటర్ కలపాలి. మీ ఎలక్ట్రీషియన్ ఇదంతా విని, ‘పాతదే బాగుంది కదండీ’ అంటాడు. ప్రగతి నిరోధకుడు! పట్టించుకోకండి.

గీజరుకి స్మార్ట్ ప్లగ్గు పెట్టేవారు లెక్కలు బాగా వచ్చినవారు. 2000 వాట్లను 230తో భాగిస్తే తొమ్మిది ఆంపియర్లు కూడా నిండవు, కాబట్టి 10 ఆంపియర్ల ప్లగ్గు చాలంటారు. రోజూ ఆ అంచునే పనిచేయిస్తే లోపల కరెంటు కలిపి తెంచే రిలే కాంటాక్టులు కాలి, ఓ రోజు అతుక్కుపోతాయి. ఆపైన ఫోనులో గీజరు ఆఫ్, బాత్‌రూములో ఆన్. 16 ఆంపియర్లదే కొనండి.

ఇక కరెంటు ఆదా. ఏ పనీ చేయకుండా సర్వరు పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న వస్తువు ఒక్కోటి ఒక వాట్ తాగుతుందనుకుందాం. ఇరవై వస్తువులకి నెలకి పద్నాలుగు యూనిట్ల పైమాటే. ఆ సొమ్ముతో ఎంత ఆదా అయిందో చూపించే గ్రాఫు వస్తుంది. రంగుల్లో.

మంచానికి మూడడుగుల దూరంలోని దీపం ఆర్పమంటే, చాలా కంపెనీల వస్తువుల్లో ఆ విన్నపం ముందు ఎక్కడో ఉన్న సర్వరుకి వెళ్ళి, అనుమతి పొంది, తిరిగి మీ పడగ్గదికి రావాలి. 2025 అక్టోబరు 20న అమెజాన్ వర్జీనియా సర్వర్లు మొరాయిస్తే, వాటిమీదే ఆధారపడ్డ ఎయిట్ స్లీప్ కంపెనీ స్మార్ట్ పరుపులు కొన్ని వేడెక్కి అలాగే ఉండిపోయాయి, కొన్ని ఎత్తిన తలవైపు దించలేదు. పడుకోవడానికి ఇంటర్నెట్ అవసరమని మానవజాతికి ఆనాడే తెలిసింది. రివాల్వ్ అనే ఇంటి నియంత్రణ పెట్టెను జీవితకాల చందాతో అమ్మారు. 2014లో ఆ కంపెనీని గూగుల్‌వారి నెస్ట్ కొనేసింది, 2016 మే నెలలో సర్వర్లు ఆపేసింది. జీవితకాలం ఎవరిదో బిల్లులో రాయలేదు మరి.

వీటన్నిటి అసలు లబ్ధిదారులు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉండే అమ్మానాన్నలు. డల్లాస్ నుంచి సెలవులకి వచ్చిన పుత్రరత్నం రెండు కెమెరాలు, తలుపుకి స్మార్ట్ తాళం బిగించి, అకౌంటు తన పేరున తెరిచి, విమానమెక్కేస్తాడు. కెమెరా పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టిందే ఉంటుంది. అలాంటి కెమెరాలనే పోగేసి 2016 అక్టోబరులో మిరాయ్ అనే బాట్‌నెట్, అంటే దొంగచాటుగా వశం చేసుకున్న పరికరాల దండు, ట్విట్టర్‌నీ నెట్‌ఫ్లిక్స్‌నీ గంటలకొద్దీ మూలకూర్చోబెట్టింది. మన నాన్నగారి కెమెరాకి అంతర్జాతీయ ఖ్యాతి దక్కే అవకాశం అప్పటినుంచీ తెరిచే ఉంది.

నాన్నగారు మధ్యాహ్నం పన్నెండుకి కూరగాయల సంచీతో గుమ్మంలో నిలబడతారు. వేలిముద్ర పడదు, చింతపండు పిసికి, గిన్నెలు తోమి అరిగిన వేళ్ళైతే అసలే పడదు, రేషను షాపు మిషను దగ్గర అమ్మకిది అలవాటైన అవమానమే. పిన్ మర్చిపోయారు. కొత్తది కావాలంటే ఓటీపీ అబ్బాయి ఫోనుకి పోతుంది. అక్కడ వేసవైతే అర్ధరాత్రి ఒకటిన్నర, చలికాలమైతే పన్నెండున్నర. ఇంతలో ఇక్కడ కరెంటు పోతుంది. ఫైబర్ పెట్టెకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టించిన దూరదృష్టి మెచ్చదగినదే, కానీ వీధి చివర నెట్ పంచే కేబుల్ వారి పెట్టెకి బ్యాకప్ లేకపోతే ఇంట్లో పచ్చలైటు వెలుగుతుంది, నెట్ రాదు.

తాళానికి మాత్రం కరెంటుతో పనిలేదు, చాలా రకాల్లో నాలుగు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. పొదుపు కోసం ఛార్జింగ్ సెల్స్ వేయకండి. అవి 1.2 వోల్టులవి, ఆల్కలైన్ 1.5 అనుకుని తాళం వాటి బలాన్ని తప్పుగా లెక్కేస్తుంది, హెచ్చరించకుండానే ప్రాణం వదులుతుంది. అప్పుడు బయటివైపు అడుగున ఉండే రెండు చుక్కలకి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుంటే లేస్తుంది. కొత్త రకాలకైతే పవర్ బ్యాంకు. ఆ బ్యాటరీ సాధారణంగా ఇంటిలోపల సొరుగులో ఉంటుంది.

తాళంతోపాటు ఇచ్చిన ఇనప తాళంచెవి కూడా ఆ సొరుగులోనే. దాన్ని ఇవాళే తీసి ఎదురింటి పిన్నిగారికి ఇవ్వండి. ఆవిడకి యాప్ లేదు, సర్వరు లేదు, మొహం చూసి గుర్తుపట్టే సాంకేతికత పుట్టుకతో ఉంది. మీ ఇంటి సమాచారం వీధంతా పంచుకుంటారన్నది నిజమే, ఆ షరతుకి యాప్‌లో చదవకుండానే ఒప్పుకున్నారుగా. చందా ఏడాదికోసారి, మే నెలలో చిన్న జాడీడు కొత్తావకాయ. గడువు దాటితే ఆవిడే వచ్చి గుర్తుచేస్తారు. రద్దు చేసుకునే సదుపాయం లేదు.