గడ్డి మందు గుంటక పని చేయదు

గుంటక (సాళ్ల మధ్య పైమన్ను గీరే ఇనుప బద్ద పనిముట్టు) తోలడానికి ఎద్దులు లేకపోతే ఏమైంది, గడ్డి మందు ఉందిగా అనేవాళ్లు నల్లరేగడిలో ఒక్క పంట కూడా దగ్గరుండి పండించి ఉండరు. కోపం వచ్చినా సరే, అంటాను.

మొన్న పొదిలిలో ఒక మందుల కొట్లో కందిలో కలుపు గురించి అడిగాను. "మనుషులెక్కడ దొరుకుతారన్నా, మొక్క మీద పడకుండా సాళ్ల మధ్య కొట్టెయ్" అని గ్లైఫోసేట్ అనే గడ్డి మందు డబ్బా బల్ల మీద పెట్టాడు. 2022లోనే కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (మందులు కొట్టడానికి లైసెన్సు ఉన్నవాళ్లు) తప్ప ఎవరూ వాడకూడదంది. మన దేశంలో దానికి అనుమతి ఉన్న పంట తేయాకు ఒక్కటే. పొదిలి చుట్టుపక్కల తేయాకు తోటలు నేనైతే చూడలేదు.

సరే, మందుతో కలుపు చచ్చిందే అనుకుందాం. నేల సంగతేంటి? మనకి అక్టోబరు, నవంబరు వానలు దాటితే ఇక ఆకాశం వైపు చూడక్కర్లేదు. పొగాకైనా, శనగైనా, కందైనా నేలలో మిగిలిన పదునుతోనే గట్టెక్కాలి. రేగడి ఆరితే నెర్రెలు విచ్చుకుంటాయి, ఉన్న కాస్త తేమా వాటిలోంచి పోతుంది, వేళ్లు తెగుతాయి. గుంటక తోలితే పైమన్ను పొడిపొడిగా రాలి ఆ నెర్రెలు పూడిపోతాయి. కింద తేమ కిందే ఉంటుంది. కలుపు తెగడం దానితో పాటు జరిగే పని. ఏ డబ్బాలో మందు నెర్రె పూడుస్తుంది?

దంతులు, అంటే సాళ్లలో తోలే చిన్న గుంటకలు, తోలడం చూడనివాళ్ల కోసం చెప్తున్నా. సాళ్ల వెడల్పుని బట్టి కాడి పొడవు పెడతారు, ఎద్దులు మొక్కల మీద కాకుండా సాళ్ల మధ్య నడవాలి కదా. మూతులకి చిక్కాలు కడతారు, లేకపోతే పైరు మేసుకుంటూ పోతాయి. ఒకే కాడికి రెండు మూడు దంతులు, ఒక్కోదాని వెనక ఒక్కో మనిషి. చెయ్యి కాస్త పక్కకి వాలిందా, ఇనుప బద్ద మొక్కని మొదలంటా కోసేస్తుంది. పొగాకు నారు నిలువూ అడ్డం వరస కుదిరేలా నాటేది కూడా గుంటక రెండువైపులా తిరగాలనే.

ఇప్పుడు ఎద్దుల అరక కావాలంటే ఊరూరా తిరగాలి. ఒంగోలు జాతేమో బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా మాంసానికి పెరుగుతోంది. ఇక్కడ మిగిలిన మంచి గిత్తలు బండలాగుడు పందేలకి. వాటికి పెట్టే మేత ఖర్చు వింటే కళ్లు తిరుగుతాయి, కాడి కట్టమంటే మాత్రం నామోషీ! మామూలు రైతుని తప్పుపట్టలేను. ఏడాదికి కొన్ని వారాల పని కోసం ఏడాదంతా జతని మేపాలంటే ఎవరివల్ల అవుతుంది?

పెద్ద ట్రాక్టరు మొక్క ఎదిగాక సాళ్లలోకి దిగదు, దిగినా టైరు కింద నేల బిగుస్తుంది. చేత్తో పట్టి నడిపే కలుపు యంత్రం, పవర్ వీడరు, బిగిసిన రేగడిలో ఎగిరెగిరి పడుతుంది, సాయంత్రానికి భుజాలు ఉండవు. మందు కొట్టే డ్రోన్ల గురించి రోజూ వింటున్నాం గానీ, సాళ్లలో పట్టే చిన్న ట్రాక్టరుకి సన్న గుంటక కట్టి అద్దెకిచ్చే ఏర్పాటు మండలానికొకటైనా ఉండొద్దా?

కనిగిరి, దర్శి, కందుకూరు వైపు ఎవరైనా అలా కట్టించుకుని ఉంటే, బద్ద ఎంత వెడల్పు పెట్టించారో కామెంట్లో రాయండి. ఫొటో ఉంటే ఇంకా మంచిది.